వసపిట్ట అద్దెకు దిగిన ఇల్లు

చంటిపిల్లలకు మాటలు బాగా రావాలని వసకొమ్ము అరగదీసి నాలిక మీద రాస్తారు కదా. మనవాడికి ఆ పని వాళ్ళమ్మ ఒకసారి చేసింది. ఆవిడ చేసిందని తెలియక నాయనమ్మ ఇంకోసారి చేసింది. ఇద్దరూ మరిచిపోయి ఉంటారని మేనత్త మరోసారి చేసింది. ఫలితం ఊరంతా అనుభవించింది. మాటలు మొదలుపెట్టినవాడు మళ్ళీ ఆపలేదు. నిద్రలో కూడా మాట్లాడతాడని వాళ్ళావిడే సాక్ష్యం చెబుతుంది. అసలు పేరు బడి రికార్డుల్లో ఎక్కడో ఉందేమో గానీ, ఊళ్ళో అందరికీ అతను వసపిట్టే.

పెద్దయ్యాక ఆ నోరే అన్నం పెట్టింది. ఆటోకి మైకులు కట్టుకుని, చీరల సేలు మొదలుకొని తప్పిపోయిన మేక దాకా వీధివీధీ చాటింపు వేసేవాడు. "అక్కలారా, చెల్లెళ్ళారా" అన్నాడంటే పొయ్యి మీద కూర మాడుతున్నా సరే ఆడవాళ్ళు గుమ్మంలోకి వచ్చి నిలబడేవాళ్ళు. ఇలా ఉండగా ఒక బట్టల షాపాయన తెలివిగా అతని గొంతు ఒక్కసారి రికార్డు చేయించుకుని, ఆ ముక్కనే ఏడాది పొడుగునా తిప్పాడు. అది చూసి మిగతావాళ్ళూ అదే పని చేశారు. గొంతు ఊరేగుతుంటే మనిషి ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నాడు. "నోరున్నవాడికి ఎక్కడైనా బతుకుందిరా, పో" అన్నారు చుట్టాలు. అలా అన్నవాళ్ళలో పొలిమేర దాటినవాళ్ళు ఒక్కరూ లేరు.

అలా పరాయి దేశం వచ్చి రంగులేసే పనిలో చేరాడు. ఒకళ్ళు ఖాళీ చేసిన ఫ్లాటులోకి ఇంకొకళ్ళు దిగేలోపు గోడల చిల్లుల్లో లప్పం కూరి, గరుకు కాగితంతో రుద్ది, రంగు కొట్టాలి. పని అబ్బింది. భాష అబ్బలేదు. గులకరాళ్ళు డబ్బాలో పోసి ఊపినట్టు వినిపించేది గానీ ఏది మాటో ఏది ఊపిరో తెలిసేది కాదు. మైకు లేకుండానే మూడు వీధులకు వినబడ్డ మనిషి, ఇక్కడ రొట్టెల కొట్లో వేలు చూపించి బతకసాగాడు. నోటి దురదంతా ఖాళీ ఫ్లాట్లలో గోడల మీద తీర్చుకునేవాడు. పని నేర్పిన మేస్త్రి తెలుగువాడే, ముందొచ్చి నాలుగు ముక్కలు నేర్చుకున్నవాడు. "ఒరేయ్, నీ వాగుడికి రంగు త్వరగా ఆరిపోతోందిరా" అనేవాడు.

అక్కడిదాకా బాగానే ఉంది. భార్యా, మూడేళ్ళు నిండబోతున్న కూతురూ రావడానికి కాగితాలన్నీ వచ్చాయి, టిక్కెట్లు కొన్నారు. ఇల్లు మాత్రం లేదు. అతనుండేది కంపెనీ ఇచ్చిన గది. మంచం మీద మంచం, తాడు మీద పదిమంది బనియన్లు. పెళ్ళాం బిడ్డలను అక్కడికి తేలేడు. వాళ్ళు విమానం దిగేలోపు తనకంటూ ఒక తలుపున్న ఇల్లు చూడాలి.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. పరాయి దేశంలో భాష రాకుండా ఇల్లు అద్దెకు తీసుకుని చూడు అని వాళ్ళు అనలేదంటే, పాపం వాళ్ళకా అవసరం పడలేదు. అద్దెకిస్తాం అని బోర్డున్న ప్రతి తలుపూ తట్టాడు. తలుపు తీసేవాళ్ళు, ఏదో అడిగేవాళ్ళు, ఇతను నవ్వేవాడు. మళ్ళీ అడిగేవాళ్ళు, మళ్ళీ నవ్వేవాడు. మూడోసారికి తలుపు పడేది. ఒకసారి బతిమాలి మేస్త్రిని వెంట తీసుకెళ్ళాడు. ఇంటాయన మేస్త్రితో అంతా బాగానే మాట్లాడి, చివర్లో ఇతని వైపు గడ్డం చూపించి ఏదో అన్నాడు.

"ఏమంటాడన్నా?"

మేస్త్రి చక్కెర పూయలేదు. "కుళాయి కారితే నాకెలా చెబుతాడు, వీడికంటే కుక్కని పెట్టుకోవడం నయం, అరిచైనా చెబుతుంది, అంటున్నాడు."

వసపిట్టకు తల కొట్టేసినట్టయింది. ఎదురు మాట పది రకాలుగా నాలిక చివరిదాకా వచ్చింది, పదీ తెలుగులోనే వచ్చాయి. మింగేశాడు.

"నీ కోసం రోజూ పని మానుకోలేను తమ్ముడూ, ఏమీ అనుకోకు" అన్నాడు మేస్త్రి దారిలో. ఆ తర్వాత ఒక్కడే తిరగడం మొదలెట్టాడు.

పని చేస్తున్న వీధి చివర, కింద ఒక వాటా, పైన ఒక వాటా ఉన్న పాత ఇంటి కిటికీకి బోర్డు కనబడింది. తలుపు తీసినావిడ పెద్దావిడ. నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. చేతికి సబ్బు నురగ. పైకి రమ్మని మెట్లెక్కి చూపించింది. రెండు గదులు, వంటిల్లు, వీధివైపు పెద్ద కిటికీ. ఒక గది మూల చెమ్మ దిగి రంగు పొరలుగా లేచింది. దాన్ని చేత్తో తడిమి, నేను చేసేస్తానన్నట్టు గాల్లో బ్రష్షు ఆడించాడు. ఆవిడ నవ్వింది. కిటికీ కింద పాప బొమ్మలు పరుచుకుని కూర్చున్నట్టు కళ్ళకు కట్టింది. ఈ ఇల్లు పోతే ఇంకో ఇల్లు వెతికే ఓపిక తనకు లేదని అతనికి తెలిసిపోయింది.

అప్పుడావిడ అడగడం మొదలెట్టింది. ఒక ప్రశ్న, ఇంకో ప్రశ్న. మూడోసారికి తలుపు పడుతుందని అతనికి తెలుసు. ఈసారి నవ్వలేదు. పెదాల మీద వేలు పెట్టుకుని, అరచెయ్యి అటూ ఇటూ తిప్పాడు. మన లెక్కలో దానర్థం, మీ భాషకు నా నోరు తిరగదు తల్లీ, అని.

ఆవిడ మాట ఆగిపోయింది. చెయ్యి మెల్లగా తన గొంతు మీదికి వెళ్ళింది. అతన్ని కిందికి, తన ముందుగదిలోకి తీసుకెళ్ళి గోడ మీది ఫోటో చూపించింది. మెడకు గుడ్డ చుట్టుకుని నవ్వుతున్న పెద్దాయన, ఆవిడ భర్త. ఆయన గొంతు మీద వేలితో అడ్డంగా ఒక గీత గీసి, పెదాలు మూసి చూపించింది. ఆ తర్వాత వేలు ఇతని వైపు తిప్పి, కళ్ళెత్తి చూసింది. నీక్కూడానా?

ఇక్కడ కాస్త ఆగుదాం. ఎందుకంటే ఈ కథంతా ఈ ఒక్క నిమిషంలోనే ఉంది. మనవాడికి అర్థం కాలేదని మాత్రం అనకండి, శుభ్రంగా అర్థమయింది. "కాదమ్మా" అంటే చాలు. ఏ భాషైతేనేం, గొంతులోంచి చప్పుడొస్తే సంగతి తేలిపోతుంది. దగ్గినా సరిపోయేది. కానీ ఆవిడ ముఖం చూశాడు. ఈ దేశంలో అతన్ని అంత మెత్తగా చూసిన ముఖం అదే మొదలు. ఆ వెనకే, తను నోరు తెరిస్తే మూసుకోబోయే తలుపు కూడా కనబడింది. తల నిలువుగా ఊపాడు.

తాళంచెవి చేతిలో పెట్టింది ఓనరమ్మ. పెట్టి, ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని ఒక్క క్షణం ఉంచుకుంది.

సంతోషించాడా అంటే సంతోషించాడు, వీధి మలుపు తిరిగేదాకా. తిరిగాక తాళంచెవి వంక చూసుకుని ఆగిపోయాడు. మూడుసార్లు వస పోయించుకున్న నోరు పెట్టుకుని మూగవాణ్ణని తల ఊపి వచ్చాడు! ఊళ్ళో తెలిస్తే చావుకబురు కన్నా వేగంగా పాకుతుంది. పోనీలే, వాళ్ళొచ్చి కాస్త కుదురుకున్నాక నెమ్మదిగా చెప్పేస్తే సరి అనుకున్నాడు. అబద్ధాలాడిన ప్రతివాడూ మొదటిరోజు అనుకునే మాటే అది.

కష్టం ఎక్కడొచ్చిందంటే, ఓనరమ్మ మంచిది. చెడ్డదై ఉంటే బతికిపోయేవాడు. పని నుంచి వచ్చి మెట్లెక్కుతుంటే వాకిట్లో ఆపి సైగలు నేర్పడం మొదలెట్టింది. అవి ఎక్కడా బళ్ళో నేర్పే సైగలు కావు. ఆపరేషన్లో గొంతు పోయాక ఆయనా ఈవిడా కలిసి ఇంట్లో కల్పించుకున్నవి. ఆయన పోయాక వాటిని అర్థం చేసుకునే మనిషి లోకంలో మిగల్లేదు. ఇప్పుడు దొరికాడు, మన దొంగ. దవడ మీద వేలు రాస్తే, బాగున్నావా. చెవి తిప్పితే, వాన వచ్చేలా ఉంది. మోచెయ్యి మీద రెండుసార్లు కొడితే, పక్కింటాయన మళ్ళీ తాగి వచ్చాడు. ఒక్కొక్కటీ నేర్పి ఆవిడ చిన్నపిల్లలా నవ్వేది. ఇతనికి ఇంట్లోకి వెళ్ళాక అన్నం దిగేది కాదు.

ఒకరోజు, తప్పయిపోయింది అనే సైగ నేర్పింది. బొటనవేళ్ళు లోపల దాచి రెండు పిడికిళ్ళూ బిగించి ముందుకు చాచాలి. అవతలి మనిషి క్షమిస్తే పిడికిలి విప్పి, దాక్కున్న బొటనవేలిని బయటికి లాగుతారు. ముసలాయన తగువాడినప్పుడల్లా ఇలా చాచేవాడట. ఈవిడ ఒక్కోసారి కావాలనే ఒక వేలు లాగి, రెండోది రేపు అనేదట. అదంతా సైగలతోనే చెప్పి, పడీ పడీ నవ్వి, చివరకు కళ్ళు తుడుచుకుంది. వసపిట్ట తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

భార్యకు ఫోను చెయ్యడానికి రంగులేస్తున్న ఖాళీ ఫ్లాటులోకి వెళ్ళి తలుపేసుకునేవాడు.

"ఓనరు ఎలాంటావిడండీ?"

"బంగారం! రోజూ గంటలు గంటలు కబుర్లే."

"భాష అంత వచ్చేసిందా?"

"ఆఁ... ఏదో, పని నడిచిపోతోంది."

"మీ నోటికి ఏ ఊరైనా ఒకటేలెండి" అని మురిసిపోయింది ఆవిడ. పాప ఫోను లాక్కుని తను చూసిన పిల్లి గురించి, పిల్లి చూసిన బల్లి గురించి, బల్లి తెగిన తోక గురించి ఊపిరి పీల్చుకోకుండా చెప్పింది. తండ్రికి తగ్గ కూతురు. దానికి ఒక్కసారే పోశారు వస, అయినా సరిపోయింది.

వాళ్ళు వచ్చిన రోజు బస్సు దిగి సామాను లాక్కుంటూ నడుస్తున్నారు. ఇంకొక్క మలుపు తిరిగితే ఇల్లు. అక్కడ పెట్టె కింద పెట్టి, చెమట తుడుచుకుని, సంగతంతా భార్యకు చెప్పాడు.

ఆవిడ ముందు నవ్వింది. మామూలు నవ్వు కాదు, పెట్టె మీద కూలబడి నవ్వింది. "మూగా? మీరా? అయ్యో దేవుడా, మీరా!" అతని ముఖం చూసి నవ్వు సగంలో ఆపేసింది.

"నిజమేనా?"

"నిజమే."

"కట్టుకున్నదాన్ని, నాకు కూడా అబద్ధమేనా? గంటలు గంటలు కబుర్లన్నారు?"

అతను పాప జోడు పట్టీ బిగించడానికి వంగాడు.

"సరే, నాకంటే చెప్పారు. దీనికేం చెప్పమంటారు?" అంది, పాపని చూపిస్తూ.

"ఆట అని చెబుదాం. కొన్నాళ్ళే. ఆ ఇంట్లో నాన్న మాట్లాడకూడదు, అదీ ఆట."

ఆవిడ అతన్ని కాసేపు చూసింది. పెట్టె పట్టుకుని ముందు నడిచింది. 

గోడలకు చెవులుంటాయంటారు, ఆ ఇంట్లో నేలకు కూడా ఉన్నాయి. కింద ఓనరమ్మ గిన్నె మూత పెడితే పైన వినబడేది. అంటే పైన తుమ్మితే కింద వినబడుతుందన్న మాటే. పైగా ఆవిడ గుమ్మం దగ్గర ఆగే మనిషి కాదు, పాప కోసం ఏదో ఒకటి పట్టుకుని పైకి వచ్చేసేది. అందుచేత వసపిట్ట తన ఇంట్లో తను నోరు కుట్టేసుకున్నాడు. భార్యతో మాటలన్నీ స్నానాలగదిలో, నీళ్ళు వదిలి, చెవిలో. పాపకు జోలపాట లేదు, కథ లేదు. అది "నాన్నా, ఇదేంటి? నాన్నా, అదెందుకు?" అని ఒళ్ళెక్కి అడుగుతుంటే ఇతను చేతులు తిప్పేవాడు, కళ్ళు తిప్పేవాడు. మొదట్లో అది పకపకా నవ్వింది. తర్వాత ఆట బాగా ఒంటబట్టింది. ఓనరమ్మ దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, పాపం నాన్నతో మాట్లాడాలి కదా అని ఆ సైగలన్నీ ఓపిగ్గా నేర్పింది. పిల్లల చేతులు కదా, మూడురోజుల్లో తండ్రిని మించిపోయింది.

"పిల్ల మాట తగ్గించేసిందండీ" అంది భార్య ఒకరోజు, స్నానాలగదిలో. "పొద్దుట్నుంచి నాలుగు మాటలు కూడా మాట్లాడలేదు."

"కొత్తచోటు కదా."

"కొత్తచోటు కాదు. ఎవరికేం చెప్పుకుంటారో చెప్పుకోండి, నాకు మాత్రం ఆ ముక్క చెప్పకండి."

సెలవురోజు పాపని తీసుకుని దూరంగా ఉన్న పార్కుకు వెళ్ళాడు. ఎరిగినవాళ్ళు ఎవరూ రారు అక్కడికి. ఇక్కడైనా నోరారా పిలుచుకుందామని ప్రాణం కొట్టుకుపోతోంది. పాప ఉయ్యాల దగ్గర నిలబడి ఉంది.

"బంగారూ! ఇటు రావే అమ్మా! ఎవరూగుతారు ఉయ్యాల, నువ్వా నేనా?" అని కేకేశాడు. ఎన్నాళ్ళకో బయటికొచ్చిన గొంతు, మైకు రోజుల్లో మోగినట్టే మోగింది.

పాప ఉలిక్కిపడింది. చుట్టూ చూసింది. పరుగున వచ్చి, అతన్ని కిందికి లాగి, చిన్న అరచేత్తో అతని నోరు గట్టిగా మూసేసింది. కళ్ళలో నీళ్ళు. నోరు విప్పలేదు. ఖాళీగా ఉన్న రెండో చేత్తో, ఓనరమ్మ నేర్పిన సైగలతోనే చెప్పింది. వద్దు. వింటారు. ఇల్లు పోతుంది.

ఇల్లు పోతుందని దానికెవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. స్నానాలగదిలో గుసగుసలకు తలుపుంది గానీ, తలుపుకి ఆవల పిల్ల కూడా ఉంది మరి. వసపిట్ట ఆ చిన్న చెయ్యి తన నోటి మీదే ఉండగా మోకాళ్ళ మీద కూర్చుండిపోయాడు. ఆ కుక్క మాట అన్న ఇంటాయన ముందు పడ్డ సిగ్గు ఇప్పుడొక లెక్కలోది కాదనిపించింది. పరాయివాడి ముందు తలదించుకోవచ్చు, కడిగేసుకుంటే పోతుంది. కన్నకూతురికి తన దొంగతనంలో వాటా ఇచ్చాడు. ఛీ, ఇదా నేను చేసిన పని అనుకున్నాడు. నేల చీలితే అందులో పడి పోదామనిపించింది.

మర్నాడు నిచ్చెన మీంచి సంగతంతా చెప్పి మేస్త్రిని అడిగాడు. "అన్నా, మూడు ముక్కలు నేర్పు. నాకు మాటలొచ్చు. మీకు అబద్ధం చెప్పాను. తప్పయిపోయింది."

మేస్త్రి రోలరు దించాడు. "బుద్ధుందా? చేతులారా ఇల్లు పోగొట్టుకుంటావా? ఆవిడేమన్నా అడిగిందా నిన్ను?"

"అడగలేదు."

"మరి?"

"అడక్కుండానే నమ్మింది, అందుకే అన్నా."

మేస్త్రి అతన్ని ఎగాదిగా చూసి, నేర్పాడు. ఆ రోజంతా రంగు కొడుతూ గోడకు అప్పజెప్పాడు. గోడ ఎన్నిసార్లు విన్నా విసుక్కోలేదు.

ఆదివారం పొద్దున్న ఓనరమ్మ తలుపు దగ్గరకు వెళ్ళాడు. భార్య పాపనెత్తుకుని మెట్ల మీద నిలబడింది. పెట్టెల్లో బట్టలు సగం సర్దే వచ్చింది, పొమ్మంటే పోవాలి కదా. ఓనరమ్మ తలుపు తీసి, అతన్ని చూడగానే దవడ మీద వేలు రాసింది. బాగున్నావా?

అతను నోరు తెరిచాడు. నాకు మాటలొచ్చు, అన్నాడు ఆవిడ భాషలో.

ఆవిడ ముఖం వెలిగిపోయింది. అది మాత్రం అతను అనుకోలేదు. తిడుతుందనుకున్నాడు, తలుపు వేస్తుందనుకున్నాడు. గొంతు తిరిగొచ్చిందనుకుని ఆవిడ సంతోషించింది! తన మొగుడికి ఏనాడూ జరగనిది ఈ పైవాటా పిల్లాడికి జరిగిందని రెండు చేతులూ బుగ్గల మీద వేసుకుంది. వెనక్కి తిరిగి గోడ మీది ఫోటో వైపు కూడా ఒకసారి చూసింది. ఆ ఒక్క క్షణం సంతోషం చూడ్డం కంటే చెంపదెబ్బ తినడం నయం. మిగిలిన రెండు ముక్కలూ ఉన్నాయి. అవి కూడా చెప్పాడు, ఒక్క అక్షరం మింగకుండా చెప్పాడు.

చేతులు బుగ్గల మీంచి జారాయి. ఏదో అడిగింది. మెల్లగానే అడిగింది, ఒకటి కాదు, నాలుగైదు మాటలు. అతనికి ఒక్క ముక్క అర్థం కాలేదు. అతని దగ్గరున్న భాషంతా ఆ మూడు వాక్యాలే, అవి అయిపోయాయి.

"అమ్మా, ఇల్లు దొరక్క చేశానమ్మా. పిల్లా పెళ్ళాం వస్తున్నారని... కుక్క కంటే కనాకష్టం అన్నారమ్మా నన్ను..." అంటూ తెలుగులో మొదలెట్టాడు. ఆవిడకు అది గులకరాళ్ళ డబ్బా. ఇద్దరికీ గొంతులున్నాయి, మధ్య ఒక్క మాట లేదు. అప్పుడు అతని చేతులు వాటంతట అవే లేచాయి. ఇల్లు, పాప, భయం, తలుపు. ఆయన సైగలు. ఆయనా ఈవిడా తలుపులేసుకుని కల్పించుకున్న సైగలు. అబద్ధమాడి సంపాదించుకున్న ఆ భాషలోనే అబద్ధానికి సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది ఆ మహానుభావుడికి. చివరకు బొటనవేళ్ళు దాచి రెండు పిడికిళ్ళూ చాచాడు.

ఆవిడ ముఖం పక్కకు తిప్పుకుంది. మాటలైతే వద్దన్నా చెవిలో పడతాయి. సైగలకు ఆ సౌకర్యం లేదు, చూడనంటే అయిపోయింది. గోడ వైపు చూస్తూ అలాగే నిలబడి, కాసేపటికి మెల్లగా, చప్పుడు లేకుండా తలుపు వేసుకుంది.

ఆ రోజంతా పెట్టెలు గుమ్మం దగ్గరే ఉన్నాయి. ఎవరూ ఖాళీ చెయ్యమనలేదు. మర్నాడూ అనలేదు. ఆ మర్నాడూ అనలేదు. కింద గిన్నెల చప్పుడు వినబడేది గానీ పైకి మెట్లెక్కే చప్పుడు వినబడలేదు. అతను ఇప్పుడు ఇంట్లో గొంతెత్తి మాట్లాడొచ్చు. మాట్లాడబోతే, ప్రతి మాటా ఆవిడ నెత్తి మీద నడిచినట్టుండేది. అయినా మాట్లాడాడు. పాప కోసం పిల్లి కథ, బల్లి కథ చెప్పాడు. మొదట్లో అది నేల వైపు వేలు చూపించి పెదాలు మూసుకునేది. "ఆట అయిపోయిందమ్మా. నాన్నే ఓడిపోయాడు" అన్నాడు. పాప చాలాసేపు ఆలోచించి, "బల్లికి మళ్ళీ తోకొస్తుందా?" అని అడిగింది, పైకే అడిగింది. వంటింట్లో భార్య కొంగుతో ముఖం తుడుచుకుంది.

వారం తిరిగాక ఒక సాయంత్రం ముగ్గురూ మెట్లు దిగుతుంటే ఓనరమ్మ వాకిలి తుడుస్తోంది. పక్కనుంచి తప్పుకుని పోదామనుకున్నాడు వసపిట్ట. పాప చెయ్యి విడిపించుకుని వెళ్ళి ఆవిడ ముందు నిలబడింది. బొటనవేళ్ళు దాచి చిన్న చిన్న పిడికిళ్ళు రెండూ చాచింది. అదేం తప్పు చేసిందని? తండ్రి చేశాడు కాబట్టి చేసింది.

ఓనరమ్మ చీపురు గోడకానించింది. వంగి, ఒక పిడికిలి విప్పి బొటనవేలు బయటికి లాగింది. రెండో పిడికిలి కూడా అప్పుడే విప్పింది, రేపటికి దాచలేదు. పాప వేళ్ళు ముద్దు పెట్టుకుంది.

తలెత్తేసరికి మెట్ల మీద వసపిట్ట కూడా పిడికిళ్ళు చాచి ఉన్నాడు. ఎప్పుడు చాచాడో అతనికే తెలియదు. ఆవిడ వాటి వైపు చూసింది. అతని ముఖం చూసింది. దవడ మీదికి చెయ్యి వెళ్ళలేదు. నోరు తెరిచి, పాలవాడికీ పక్కింటాయనకూ రోజూ చెప్పే పలకరింపు మాట చెప్పింది. నేల సందుల్లోంచి పొద్దున్నే వినీ వినీ అతనికి నోటికి వచ్చిన మాటే అది. అతను కూడా అదే మాట తిరిగి చెప్పాడు.

ఆవిడ చీపురు తీసుకుని లోపలికి వెళ్ళింది. ఆ తర్వాత ఎన్నాళ్ళున్నా ఆ ఇంట్లో, ఆవిడ పాపతో చేతులతోనూ మాట్లాడింది, నోటితోనూ మాట్లాడింది. అతనితో మాత్రం నోటితోనే, అందరితో మాట్లాడినట్టే. ఆ సాయంత్రం మాత్రం మెట్ల మీద భార్య "పదండి" అనేదాకా అతను కదల్లేదు. బొటనవేళ్ళు రెండూ పిడికిళ్ళలోనే ఉన్నాయి.